కర్నల్ ఖాతాలోని నాలుగో పరికరం

కుళాయి రాకపోవడం వల్ల అజారా బతికింది.

అక్రా శివారు డాన్సోమాన్‌లో ఆమెను దాచిన ఇంట్లో ఆ ఉదయం నీళ్లు లేవు. ఆమె బకెట్ తీసుకుని వెనక గోడ సందులోంచి పక్కింటి ట్యాంకు దగ్గరికి వెళ్లింది. నిండిన బకెట్ తలకెత్తుకోబోతుండగా రెండు తుపాకీ చప్పుళ్లు వినిపించాయి. ఆమె అరవలేదు. గోడ చాటున కూర్చుని, బకెట్ పిడి రెండు చేతులతో పట్టుకుని ఉండిపోయింది. కాపలా కానిస్టేబుల్ టంపూరి గుమ్మంలోనే ప్రాణం విడిచాడు. వచ్చినవాళ్లు మంచం కింద చూశారు, అల్మరా తెరిచారు, పొయ్యి మీద ఇంకా పొగలు వస్తున్న గంజిని చూసి, తిట్టుకుంటూ వెళ్లిపోయారు.

అజారా బంగారం కరిగించే మనిషి. ఒక విదేశీ ముఠా దేశంలోంచి దొంగబంగారం తరలిస్తోంది. అడ్డుపడిన కస్టమ్స్ అధికారిని ఆ ముఠా నాయకుడు ఒర్లాన్ కొలిమి గదిలోనే కాల్చి చంపాడు. అది చూసిన వాళ్లలో బతికి ఉన్నది ఆమె ఒక్కతే. ఆ మాట ఆమె శుక్రవారం కోర్టులో చెప్పాలి.

అది గురువారం.

సాక్షులను దాచే విభాగానికి అక్రాలో బోర్డు లేదు. ఒక పళ్ల డాక్టరు క్లినిక్ మీద అంతస్తులో అది పనిచేస్తుంది. కింద రోగులు మూలుగుతుంటే పైన ఏజెంట్ మావూలి తన అధికారి కర్నల్ బెడియాకో ఎదుట నిలబడి ఉన్నాడు. కర్నల్ మణికట్టుకు నలుపూ ఎరుపూ కలిసిన గుడ్డపట్టీ ఉంది. ఆయన తల్లి అంత్యక్రియలు జరిగి రెండు శనివారాలే గడిచాయి.

"ఆ ఇల్లు ఎవరెవరికి తెలుసు సార్?"

"నాకు. టంపూరికి."

"అజారాకి."

"అంటే? తనని చంపమని తనే కబురు పెట్టిందా? బుర్ర ఉండే మాట్లాడుతున్నావా?"

"ముందు ఇల్లు కూడా ఇలాగే దొరికింది సార్. అదృష్టం కొద్దీ ముందురోజే ఖాళీ చేయించాం. ఇప్పుడు ఇది. లీక్ మన దగ్గరే ఉంది."

"అది నాకు తెలీదా? పట్టుకో. సాయంత్రంలోగా పట్టుకో. మూడో ఇల్లు నేనే చూస్తా. ఎక్కడో నీకు కూడా చెప్పను."

మావూలి మొదట మకోలా బజారుకు వెళ్లాడు. అక్కడ సెర్వాకు బట్టల దుకాణం ఉంది. నగరంలో ఖరీదైన అంత్యక్రియల్లో కనిపించే నల్లబట్ట సగం ఆమె దగ్గర కొన్నదే. మిగతా సగం ఆమె ఒంటి మీద చూసి జనం ఇంకెక్కడో కొన్నది. అద్దాల కళ్లజోడు, మెడ దాకా జుట్టు, ఎవరినీ తొందరపడనివ్వని నవ్వు. విభాగానికి ముఠా కబుర్లు ఆమే చేరవేస్తుంది. ముఠాకు విభాగం కబుర్లు కూడా ఆమే చేరవేస్తుంది.

మావూలి ఒక తాను అంచు పట్టుకున్నాడు. "ఈ బట్ట రంగు పోతుందా?"

"ఉతికినవాడిని బట్టి." సంకేతం సరిపోయింది. ఆమె కళ్లజోడు తీసింది. "మొహం అలా పెట్టావేంటి తమ్ముడూ? ఎవరైనా పోయారా?"

"టంపూరి పోయాడు. ఆ ఇల్లు నువ్వు చెప్పావా?"

"నాకు చెప్పింది ఎవరని? రెండు వైపులా జీతం తీసుకుంటానని రెండు వైపులా తెలుసు. ఈ ఊళ్లో నా అంత నిజాయితీ ఎవరికుంది? అనుమానించాలంటే రహస్యంగా తినేవాళ్లని అనుమానించు."

"సెర్వా, నాకు టైం లేదు."

ఆమె తాను మడత పెడుతూ గొంతు తగ్గించింది. "నిన్న భోజనాల దగ్గర ఒర్లాన్ మంచి ఊపులో ఉన్నాడు. 'మీ కర్నల్ చూసిందల్లా నేనూ చూస్తున్నా' అన్నాడు. ఆదివారం కర్నల్ ఫుఫూ ముద్ద తిన్నాడట, సూప్‌లో నత్తలట."

"వాళ్లింటి వంటింట్లో మనిషిని పెట్టాడేమో."

"వంటింట్లో ఉన్నవాడికి రుచి తెలుస్తుంది. ఉప్పెక్కువైందో లేదో చెప్తాడు. ఒర్లాన్‌కి రంగు తప్ప ఏమీ తెలీదు." ఆమె మళ్లీ కళ్లజోడు పెట్టుకుంది. "ఇంకేం చూస్తావ్? వెళ్లు. బేరం లేకుండా నిలబడితే జనం చూస్తారు."

రంగు తెలిసి రుచి తెలియనిది ఏమిటి? మావూలి బజారు దాటేలోపు జవాబు దొరికింది. ఫోటో.

కర్నల్‌కు టైపు చేయడం మీద నమ్మకం లేదు. ఏ రహస్యమైనా నీలం సిరాతో స్వయంగా రాసి, ఫోన్‌తో ఫోటో తీసుకుని, కాగితాన్ని గాజు గిన్నెలో కాల్చేస్తాడు. కాగితం కాలితే రహస్యం కాలినట్టేనని ఆయన లెక్క. ఆ గిన్నెలోని బూడిదను విభాగమంతా గౌరవంతో చూసేది. ఫోటో సంగతి ఎవరూ ఆలోచించలేదు. మావూలి కూడా ఆలోచించలేదు. ఆ విషయమే అతనికి అన్నిటికన్నా చికాకు కలిగించింది.

"మీ ఫోన్ ఇవ్వండి సార్," అన్నాడు క్లినిక్ మీది గదిలోకి తిరిగి వస్తూనే.

"ప్యాంటు కూడా ఇవ్వమంటావా?"

"మీ ఫోటోలన్నీ క్లౌడ్ ఖాతాలోకి వెళ్తున్నాయి. ఆ ఖాతాని ఇంకెవరో తెరుస్తున్నారు. ఇంతవరకు ఏయే పరికరాలు అందులోకి వచ్చాయో సెట్టింగ్స్‌లోనే కనిపిస్తుంది."

"నా పాస్‌వర్డ్ నా భార్యకి కూడా తెలీదు!"

"పాస్‌వర్డ్ గురించి కాదు సార్, తలుపు గురించి. ఒకసారి తెరిచిన తలుపు మూసేదాకా తెరిచే ఉంటుంది."

కర్నల్ ఫోన్‌ను బల్ల మీదుగా తోశాడు. మొదటి పేరు ఆ ఫోన్‌దే. రెండోది మనవరాలు కార్టూన్లు చూసే టాబ్లెట్. మూడోది అద్దం పగిలి సొరుగులో పడి ఉన్న పాత ఫోన్. నాలుగోది ఒక కంప్యూటర్. ఊరు కుమాసి. చివరిసారి వాడినది కొద్ది నిమిషాల క్రితం.

"కుమాసిలో మీకెవరున్నారు సార్?"

"సగం వంశం అక్కడే ఉంది. ఎవరని చెప్పను?"

విభాగానికి ఉన్న ఒకే ఒక్క దాడి బృందం కుమాసి దారి పట్టింది. ఆ తర్వాత మావూలి నెట్‌వర్క్ ఇంజినీరుకు ఫోన్ చేశాడు. ముందే చేయవలసింది. ఆ జాబితాలో కనిపించే ఊరు కంప్యూటర్ ఉన్న ఊరు కానక్కర్లేదనీ, కనెక్షన్ ఏ ఊరి మీదుగా తిరిగితే ఆ పేరు పడుతుందనీ, కాబట్టి అది దేశంలో ఎక్కడైనా ఉండవచ్చనీ ఆయన ఓపికగా చెప్పాడు. అప్పటికి బృందం కొండదారిలో ఒక బోల్తాపడ్డ లారీ వెనక ఇరుక్కుంది. ముందుకూ లేదు, వెనక్కూ లేదు.

"తీసి పారెయ్ దాన్ని!" కర్నల్ వేలు తెర మీదికి వచ్చింది.

మావూలి ఫోన్ లాక్కున్నాడు. జీవితంలో మొదటిసారి అధికారి చేతిలోంచి ఒక వస్తువు లాక్కున్నాడు. "తీసేస్తే వాడికి తెలిసిపోతుంది సార్. ఇంకో దారి వెతుక్కుంటాడు. అది మనకి తెలిసేసరికి అజారా ఉండదు. అందాకా దయచేసి ఏ కాగితాన్నీ ఫోటో తీయకండి."

"చిన్నపిల్లాణ్ని అనుకుంటున్నావా?"

"ఈ కంప్యూటర్ మొదటిసారి మీ ఖాతాలోకి వచ్చింది మూడు వారాల క్రితం, మంగళవారం. ఆ రోజు ఎక్కడున్నారు?"

"అమ్మ మార్చురీలో ఉంది. నేనెక్కడుంటాను? తిరుగుతున్నాను. గుడారాలు, కుర్చీలు, బ్యాండు."

"ఎక్కడైనా కంప్యూటర్ ముట్టుకున్నారా?"

"లేదు."

"సార్, ఒక్కసారి ఆలోచించి..."

"లేదన్నానా!"

ఆయన అబద్ధమాడటం లేదు. మావూలి నిస్పృహ అంతా అక్కడే ఉంది. అబద్ధమాడేవాడు నిజాన్ని ఎక్కడో దాస్తాడు కనుక దానిని వెతకవచ్చు. మరిచిపోయినవాడి దగ్గర వెతకడానికి ఏమీ ఉండదు. ఆ మంగళవారం కర్నల్ అనే మనిషి ఊరంతా తిరిగాడు, కానీ ఇప్పుడు కుర్చీలో ఉన్న కర్నల్‌కు అతనితో పరిచయం లేదు.

అతను గాలి కోసం వీధిలోకి వచ్చాడు. క్లినిక్ ప్రహరీ మీద కర్నల్ తల్లి సంతాప పోస్టరు ఇంకా ఉంది. బంగారు కిరీటంలాంటి తలపాగాతో ఆవిడ నవ్వుతోంది. కింద కొడుకులు, కోడళ్లు, మనవలు, అందరి హోదాలతో సహా. 'కర్నల్ బెడియాకో, రక్షణ శాఖ' అన్న అక్షరాలు ఆవిడ వయసుకన్నా పెద్దవి. అన్నిటికన్నా అడుగున, చీమలంత అక్షరాల్లో, పోస్టరు వేసిన ముద్రణ దుకాణం ఫోన్ నంబరు ఉంది.

ఊళ్లో అందరూ ఆ పోస్టరును పైనుంచి చదివారు. ఒర్లాన్ కిందినుంచి చదివాడు.

మావూలి మెట్లు రెండేసి ఎక్కాడు. "సార్, అమ్మగారి సంతాప బ్రోషర్‌కి ఫోటోలు ఎవరిచ్చారు?"

కర్నల్ చేతిలోని పెన్ను ఆగింది.

"ఫోన్‌లోంచి పంపితే మసకగా వస్తున్నాయంది ఆ షాపావిడ. ఖాతా ఇక్కడే తెరవండి, పెద్దవి తీసుకుంటాం అంది. తెరిచాను. అమ్మ పెళ్లినాటి ఫోటో... తెర నిండా వచ్చింది. అంత పెద్దగా నేనెప్పుడూ చూడలేదు." ఆయన మణికట్టు పట్టీని సర్దుకున్నాడు. "మూసి వచ్చానో లేదో నాకు తెలీదు. లేచి వచ్చేశాను."

మనం వెళ్లిపోయామనుకున్న చోట మనలో కొంత అలాగే కూర్చుని ఉంటుంది. తల్లి మొహం ముందు కూర్చున్నవాడు తలుపు వేసుకోవడం మరిచిపోతే, దానిని నేరమనడానికి మాట ఉందా? కాని టంపూరి భార్య దానిని ఏమంటుందో కూడా మావూలికి తెలుసు.

"నేనా షాపుకి వెళ్తున్నా. మీకు 'ఫాదర్' అని మెసేజ్ పెడతాను. వెంటనే మీ టీ కప్పు ఫోటో తీయండి. కప్పు ఒక్కటే."

ముద్రణ దుకాణం న్యూటౌన్‌లో ఉంది. మావూలి భుజం మీదుగా నల్లబట్ట చుట్టుకుని, కళ్లలో కొద్దిగా మిరియాల నీళ్లు వేసుకుని, చేతిలో తండ్రి ఫోటోతో లోపలికి వెళ్లాడు. తండ్రి సముద్రపు ఒడ్డున కేటాలో నిక్షేపంగా ఉన్నాడు. ఆ సమయానికి వల బాగుచేసుకుంటూ ఉంటాడు. ఆ ఫోటో చేత్తో పట్టుకోవడమే మావూలికి అపశకునంలా తోచింది.

దుకాణం యజమానురాలు మదామ్ ఎఫువా రెండు చేతులూ చాచి ఎదురొచ్చింది. "అయ్యో నాయనా! నాన్నగారా? ఎన్నేళ్లు?"

"డెబ్బై ఒకటి."

"గండం గడిచింది. డెబ్బై దాటితే 'జీవిత మహోత్సవం' అని వేస్తాం. దాటకపోతే 'అయ్యో, ఎంత ఘోరం' అని వెయ్యాలి. దానికి ఎర్ర సిరా ఎక్కువ పడుతుంది. ఏం జబ్బు?"

"అంటే... కొద్దిపాటి జబ్బు."

"అందరూ కొద్దిపాటి జబ్బుతోనే పోతారు, ఈ ఊళ్లో పెద్ద జబ్బు ఎవరికీ లేదు. ఫిఫీ! నాన్నగారి కోసం పేజీ తెరువు."

మూలన కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రవాడు తల తిప్పలేదు. చెవిలో ఇయర్‌ఫోన్, చేతి పక్కన మరో ఫోన్.

"కొత్తవాడా?" అన్నాడు మావూలి.

"మూడు వారాలైంది. పని నేర్చుకుంటా, జీతం వద్దన్నాడు. ఇలాంటి పిల్లలు ఇంకా ఉన్నారా చెప్పు! మీ నాన్నగారిది నవ్వుతున్న ఫోటో లేదా? ఇందులో ఎవరితోనో దెబ్బలాడుతున్నట్టున్నారు."

"ఆయన మొహమే అంత ఆంటీ."

మావూలి కళ్లు తుడుచుకుంటున్నట్టు వంగి మెసేజ్ పంపాడు. ఫిఫీ ముందు తెర కుడి అంచున ఒక చిన్న కిటికీ ఉంది. దానిలో చదరాలుగా ఫోటోలు ఉన్నాయి. అతను ఓరగా చూశాడు. వరస కదిలింది. మొదటి చదరంలో అంచు విరిగిన తెల్ల టీ కప్పు ప్రత్యక్షమైంది.

దాని పక్కన, రెండో చదరంలో, నీలం సిరాతో రాసిన కాగితం ఉంది. డిజిటల్ అడ్రస్. రెండక్షరాలు, కొన్ని అంకెలు, మ్యాప్‌లో కొడితే ఇల్లు చూపించేవి. ఉదయం కర్నల్ ఫోన్‌లో ఆ ఫోటో లేదు.

ఫిఫీ పక్కనున్న ఫోన్‌ను మళ్లీ బోర్లా పెట్టాడు. కాగితం ఫోటోను ఆ ఫోన్‌లోంచి అప్పటికే పంపేశాడు.

మావూలి దగ్గుతూ బయటికి వచ్చి కర్నల్‌కు ఫోన్ చేశాడు. "సార్, ఆ నీలం కాగితం ఏంటి?"

"నువ్వు వెళ్లాక... మూడో ఇల్లు. కాపలావాడికి ఇవ్వాలని రాశాను. తర్వాత చెయ్యి దానంతట అదే ఫోటో తీసింది మావూలీ. కాగితం కాల్చేశాను కూడా!"

"కాల్చారా. చాలా బాగుంది సార్."

"వెటకారం వద్దు. అజారా ఆ ఇంట్లోనే ఉంది. ఊరి చివర, వైజా అవతల."

"ఫోన్ చేసి బయటికి రమ్మనండి."

"దాచిన ఇంట్లో ఫోన్ ఉండకూడదు. రూలు."

"ఎవరి రూలు?"

"నాదే."

దాడి బృందం లారీ వెనక ఉంది. వైజా వైపు ట్రాఫిక్ చీమల బారులా కదులుతోంది. ఒర్లాన్ మనుషులు ఆ వైపే ఎక్కడో కాచుకుని ఉన్నారని సెర్వా లోగడే చెప్పింది. మావూలి నుదురు గోడకు ఆనించాడు. ఆ గోడ మీద కూడా ఎవరిదో సంతాప పోస్టరు ఉంది.

"ఆ ఫోటో ఇప్పుడే తీసేస్తా," అన్నాడు కర్నల్.

"వద్దు! తీసేస్తే అదొక్కటే నిజమని మనమే చెప్పినట్టు."

"అయితే ఏం చెయ్యమంటావురా నన్ను?"

ఆ 'రా'లో ఉన్నది కోపం కాదు. ఒక ముసలివాడు చెయ్యి అందించమని అడుగుతున్నాడు. మావూలికి ఆలోచన అప్పుడే వచ్చింది. చెరపలేని దానిని కప్పవచ్చు.

"రాయండి సార్. అదే పెన్నుతో, అలాంటి కాగితాల మీదే. వేరు వేరు డిజిటల్ అడ్రసులు. ఒక్కొక్కటి రాసి ఫోటో తీయండి. ఆపకండి. ఇందాకటి దానితో కలిపి నాలుగోది మాత్రం పోలీసు కుక్కల శిక్షణ కేంద్రం వెనక గేటుది. వాళ్లకి ఫోన్ చేసి చెప్పండి. అంకెలు చూసి అది ఏ చోటో ఎవరికీ తెలీదు, మ్యాప్ తీసుకెళ్లేదాకా."

"మిగతావి ఎక్కడివి రాయను?"

"మీ ఇష్టం! మీ మంగలిది రాయండి, చర్చిది రాయండి!"

తర్వాత సెర్వాకు ఫోన్ చేశాడు. ఆమె గొంతు వెనక ఒక పురుషుడు పరాయి భాషలో అరుస్తున్నాడు.

"ఈ బట్ట రంగు పోతుందా?"

"ఉతికినవాడిని బట్టి. చెప్పండి మేడమ్," అంది సెర్వా, కొనేవాళ్లతో మాట్లాడినట్టు. "ఇక్కడ మా సార్ చాలా గందరగోళంలో ఉన్నారు. ఒకేసారి ఇన్ని రకాలు వచ్చిపడ్డాయి, ఏది అసలుదో నన్నే అడుగుతున్నారు."

ఆమెకు చెప్పాలంటే నిజం చెప్పాలి. నిజం చెబితే అజారా ప్రాణం రెండు జీతాల మనిషి నోటిలో ఉంటుంది. ఆమెను నమ్మడానికి కారణం వెతికాడు, దొరకలేదు. నమ్మకానికి కారణం దొరికితే దానిని నమ్మకమనరు, లెక్క అంటారు.

"మొదటి బట్ట అమ్మొద్దు," అన్నాడు. "నాలుగోది అమ్ము."

"మొదటిది అంత విలువైందా?"

"వెల కట్టలేను సెర్వా."

అరుపులు ఫోన్‌కు దగ్గరయ్యాయి. "చూస్తాను మేడమ్. బేరం నా చేతిలో లేదు." ఫోన్ పెట్టేసింది.

మావూలి లోపలికి వచ్చి తండ్రి మరణానికి అంచు డిజైన్ ఎంచుకోవడం మొదలుపెట్టాడు. తెర అంచున చదరాలు ఒకదాని వెనక ఒకటి పడుతున్నాయి. నీలం కాగితం, నీలం కాగితం, నీలం కాగితం. కర్నల్ చేతిరాత రానురానూ కోపంతో వంకరపోతోంది. ఫిఫీ మెడ వెనక చెమట పట్టింది.

"లిల్లీ పూలా, పావురాలా?" అంది ఎఫువా.

"మీరే చెప్పండి ఆంటీ."

"చేపలు పట్టే మనిషన్నావుగా, పావురాలెందుకు? అలలు వేద్దాం. ఏడవకు నాయనా. మీ నాన్న ఇప్పుడు మంచి చోటే ఉన్నాడు."

"అవును," అన్నాడు మావూలి. అది అతను ఆ రోజు చెప్పిన కొద్ది నిజాల్లో ఒకటి.

ఫిఫీ ఫోన్ మోగింది. చెవిలో ఇయర్‌ఫోన్ ఉంది, కాని కంగారులో స్పీకర్ నొక్కాడు. ముందు బ్రేకులు కీచుమన్నాయి. తర్వాత ఎవరో వెనక్కి తిప్పమని అరిచారు. ఆ తర్వాత కుక్కలు. పదుల కొద్దీ కుక్కలు, శిక్షణ పొందిన కుక్కలు, ఒక్క గొంతుతో మొరుగుతూ దుకాణాన్నంతా నింపేశాయి.

ఎఫువా గుండె మీద చెయ్యి వేసుకుంది. ఫిఫీ లేచాడు. మావూలి భుజం మీది నల్లబట్ట అతని తల మీద పడింది. అతను కుర్చీతో సహా కింద పడ్డాడు.

"కూర్చో తమ్ముడూ," అన్నాడు మావూలి, అతని మోచేతిని వెనక్కి మడుస్తూ. "మా నాన్న పేజీ ఇంకా పూర్తికాలేదు."

ఒర్లాన్ రెండు కార్లు పంపాడని తర్వాత తెలిసింది. సెర్వా నోరు విప్పేసరికి ఒక కారు వైజా అవతల అజారా ఉన్న వీధి మలుపులో ఉంది. ఆమె మాట మీద అక్కడే రివర్స్ తీసుకుంది. కిటికీ సందులోంచి కాపలావాడు నంబరు ప్లేటు కూడా చదవగలిగాడు. ఒర్లాన్ విమానాశ్రయం దారిలో దొరికాడు. అతని కారు ఆగిపోవడానికి కారణం పెట్రోలు లేకపోవడం. ఆ పొద్దున ఆ కారు వాడుకున్నది సెర్వా. ఆమె నుంచి మావూలికి ఒకే మెసేజ్ వచ్చింది: 'నాలుగో బట్ట అమ్ముడైంది. ఇకనుంచి నాకు ఒకే జీతం. రెట్టింపు చేయమని కర్నల్‌కి చెప్పు.'

మర్నాడు ఉదయం వాళ్లు అజారాను కోర్టుకు తీసుకువెళుతున్నారు. మావూలి బండి నడుపుతున్నాడు. అజారా వెనక కూర్చుంది. ఆమె పక్కన కర్నల్ ఫోన్‌తో కుస్తీ పడుతున్నాడు. ఆధారాలన్నీ తీసుకున్నారు కనుక నాలుగో పరికరాన్ని ఖాతాలోంచి తీసేయమని రాత్రే అనుమతి వచ్చింది. ఆ బటన్ నేనే నొక్కుతానని ఆయన పట్టుబట్టాడు.

"ఇదేదో అడుగుతోంది మావూలీ. 'ఇది నిజంగా మీరేనా?' అంటోంది."

"అవునని నొక్కండి సార్."

"నొక్కాను. కోడ్ పంపిస్తానంది. పాత నంబరుకి పంపిందిట. ఆ సిమ్ ఎప్పుడో పోయింది." ఆయన గొంతు పెరిగింది. "మీ అమ్మగారి ఇంటిపేరు చెప్పండంటోంది. చెప్పాను. తప్పంటోంది! మా అమ్మ పేరు నాకు తెలీదా?"

"ఖాతా తెరిచినప్పుడు ఇంకోలా రాశారేమో సార్."

"నేనే బెడియాకోని!" కర్నల్ ఫోన్ మీద గర్జించాడు. కోర్టు గేటు దగ్గరి సెంట్రీ ఉలిక్కిపడి సెల్యూట్ చేశాడు.

అజారా ఆ మూడు వారాల్లో మొదటిసారి నవ్వింది. బట్ట సర్దుకుని, బండి దిగి, వెనక్కి చూడకుండా మెట్లెక్కింది. కస్టమ్స్ అధికారిని ఎవరు చంపారో చెప్పడానికి ఆమెను ఎవరూ కోడ్ అడగలేదు.

కర్నల్ బండిలోనే ఉండిపోయాడు. మూడు వారాలు ఒర్లాన్‌ను ఒక్క ప్రశ్న కూడా అడగని ఖాతా, ఆయన కర్నల్ కాదని చివరిదాకా పట్టుబట్టింది.